పంక్తిలో చోటు: బానిసగా వచ్చిన పాట్రిక్ కథ

మార్చి 17 వచ్చిందంటే ఐర్లాండ్ అంతా సెలవు. డబ్లిన్‌లో పెరేడ్, ఆకుపచ్చ టోపీలు, పిల్లల బుగ్గల మీద మూడాకుల బొమ్మలు. మనవాళ్ళు కూడా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్ళి చూసి వస్తున్నారు. ఇంతకీ ఆ రోజు ఎవరి పేరు మీద అని పిల్లలు అడిగితే, ఈ దేశంలోంచి పాముల్ని తరిమేసిన సాధువు పేరు మీద అని చెప్పి ఊరుకుంటాం. పాముల సంగతి కట్టుకథ. మంచు యుగం అయిపోయి చుట్టూ సముద్రం కమ్మేశాక ఈ దీవికి పాములు రానే లేదు, ఇక తరిమేది ఏముంది? మూడాకుల మొక్క చూపించి త్రిత్వం బోధించాడన్న కథ కూడా 18వ శతాబ్దంలో గానీ రాతలోకి ఎక్కలేదు.

అసలు పాట్రిక్ కథ వేరు. ఆయన ఐరిష్ మనిషే కాదు. బయటి నుంచి, తన ఇష్టం లేకుండా, పనికోసం ఈ దేశానికి ఎత్తుకొచ్చిన మనిషి. ఆ మనిషే చివరికి ఈ దేశానికి పేరు తెచ్చే మనిషి అయ్యాడు. అందుకే ఈ ఏడాది సంచికలో ఆయన జీవితం చెప్పాలనుకున్నాం.

ముందే ఒక మాట. మనలో అన్ని మతాల వాళ్ళం ఉన్నాం. ఇది ప్రసంగం కాదు, ఎవరినీ ఎటూ పిలవడం లేదు. పాట్రిక్ జీవితమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: లోపలివాళ్ళు ఎవరు, బయటివాళ్ళు ఎవరు? బయటి నుంచి వచ్చినవాడికి పంక్తిలో సమానంగా ఆకు వేస్తారా, లేక వాకిట్లోనే కూర్చోబెడతారా? ఈ ప్రశ్న మనకు మతంతో పని లేకుండానే తెలుసు.

పదహారేళ్ళ కుర్రాడు

పాట్రిక్ 5వ శతాబ్దం మనిషి. ఆయన స్వయంగా లాటిన్‌లో రాసిన రెండు రాతలు మిగిలాయి. ఒకటి తన జీవితం గురించి తాను ఇచ్చుకున్న వాంగ్మూలం, దాన్ని కన్ఫెస్సియో అంటారు. రెండోది కొరోటికస్ అనే నాయకుడి సైనికులకు రాసిన ఉత్తరం. మొదటి దాని పాత ప్రతి ఒకటి సుమారు 807లో రాసిన ఆర్మా గ్రంథంలో ఉంది. ఆ గ్రంథం ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో భద్రంగా ఉంది. ఇక్కడ మేము చెప్పేది ఎక్కువగా ఆ రెండు రాతల్లో ఉన్నదే. తర్వాత రెండు వందల ఏళ్ళకు ముయిర్హూ, తీర్హాన్ లాంటి వాళ్ళు రాసిన మహిమల కథలు పక్కన పెట్టాం.

ఆయన పుట్టింది రోమన్ల ఏలుబడిలో పెరిగిన బ్రిటన్‌లో. తండ్రి కల్పూర్నియస్, చర్చిలో డీకను, ఊళ్ళో పన్నుల బాధ్యత చూసే పెద్దల్లో ఒకడు. తాత పొటీటస్, పాస్టరు. ఇంట్లో పనివాళ్ళు, దాసీలు ఉండేవారు, ఊరి దగ్గర చిన్న తోట ఇల్లు ఉండేది. అంటే కూర్చుని తినే కుటుంబమే. చర్చి కుటుంబమే అయినా తనకు మాత్రం అప్పట్లో దేవుడి పట్టింపు లేదని ఆయనే రాసుకున్నాడు.

పదహారేళ్ళు నిండకముందే ఆ తోట ఇంటి మీద ఐర్లాండ్ దొంగలు పడ్డారు. వేలమందితో పాటు ఆయన్నీ పట్టుకుని పడవలెక్కించి ఇక్కడికి తెచ్చి అమ్మేశారు. నిన్నటిదాకా పనివాళ్ళకు పని చెప్పిన ఇంటి పిల్లాడు, తెల్లారేసరికి భాష రాని దేశంలో గొర్రెల కాపరి. వానలో, మంచులో, గడ్డ కట్టిన చలిలో కొండల మీద ఆరేళ్ళు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళి ఎడారిలో గొర్రెలూ ఒంటెలూ కాసిన మనవాళ్ళ కథలు మనం విన్నవే. పాస్‌పోర్టు యజమాని దగ్గర, మాట్లాడేందుకు మనిషి లేడు, చుట్టూ మూగజీవాలు. పాట్రిక్‌ది దానికంటే గడ్డు బతుకు. ఆయనకు తిరుగు టికెట్ అనే మాటే లేదు.

ఆ ఒంటరితనంలోనే ప్రార్థన అలవాటైంది. పగలు వంద సార్లు, రాత్రి ఇంచుమించు అన్నిసార్లు ప్రార్థన చేసేవాడట. ఆరేళ్ళ తర్వాత ఒక రాత్రి నిద్రలో ఒక గొంతు వినిపించింది, నీ ఓడ సిద్ధంగా ఉందని. ఆ ఓడ రెండు వందల మైళ్ళ దూరంలో ఉంది. ముందెప్పుడూ చూడని దారి, తెలిసిన మనిషి లేడు. యజమానిని వదిలి నడిచాడు. ఓడ యజమాని మొదట కోపంగా పొమ్మన్నాడు. వెనక్కి తిరిగి పోతుంటే ఓడ మనిషి ఒకడు కేకేసి పిలిచాడు. మూడు రోజులు సముద్రం, తర్వాత ఇరవై ఎనిమిది రోజులు మనిషి కనపడని నేల మీద నడక, తిండి అయిపోయి ఆకలి. కొన్నేళ్ళకు చివరికి ఇల్లు చేరాడు.

వెళ్ళినవాడు తిరిగొచ్చాడు

ఇంట్లోవాళ్ళు పోయిన బిడ్డ దొరికాడని సంతోషించారు. ఇంత కష్టపడ్డావు, ఇక ఎక్కడికీ వెళ్ళొద్దని బతిమాలారు. మన అమ్మలు అన్నట్టే. కథ ఇక్కడ అయిపోవాలి.

కానీ ఆయనకు కల వచ్చింది. విక్టోరికస్ అనే మనిషి ఐర్లాండ్ నుంచి లెక్కలేనన్ని ఉత్తరాలు పట్టుకుని వచ్చాడు. ఒకటి విప్పి చదువుతుంటే, పడమటి సముద్రం పక్కనున్న ఫొక్లుట్ అడవి దగ్గరి జనం ఒక్క గొంతుతో, మళ్ళీ వచ్చి మా మధ్య తిరుగు అని పిలుస్తున్నట్టు వినిపించింది. గుండె పట్టేసి ఇక చదవలేకపోయాడు. తనను కొని గొర్రెలు కాయించిన దేశపు జనమే పిలుస్తున్నారు.

వెంటనే బయలుదేరలేదు. ఏళ్ళు పట్టింది. చర్చిలో డీకను అయ్యాడు, తర్వాత బిషప్పు అయ్యాడు. పెద్దలు కొందరు అడ్డుపడ్డారు. దేవుణ్ణి ఎరగని శత్రువుల మధ్యకు ఎందుకు వెళ్ళాలని కొందరన్నారు. సరిగ్గా చదువుకోలేదు, లాటిన్ మొరటుగా రాస్తాడని కొందరన్నారు. చదవాల్సిన ఏళ్ళు గొర్రెల మధ్య గడిచాయి మరి. పదిహేనేళ్ళ వయసులో చేసిన ఏదో తప్పును నమ్మిన స్నేహితుడికి చెప్పుకుంటే, ముప్పై ఏళ్ళ తర్వాత దాన్నే బయటికి లాగి ఆయన మీద విచారణ పెట్టారు. తన మొరటు భాష గురించి ఆయన జీవితాంతం సిగ్గుపడ్డాడు, అయినా రాయడం మానలేదు. ఆఫీసులో ఇంగ్లీషు తడబడి గొంతు తగ్గించుకునే మనవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలు. ఆయన్ని తప్పుపట్టిన లాటిన్ పండితుల పేర్లు ఇప్పుడు ఎవరికీ తెలియవు.

ఐర్లాండ్‌లో క్రైస్తవుడు ఆయన ఒక్కడే కాదు. 431లో రోమ్ నుంచి పోప్ సెలెస్టిన్ పల్లాడియస్ అనే బిషప్పును ఇక్కడున్న కొద్దిమంది విశ్వాసుల కోసం పంపాడు. పాట్రిక్ వచ్చింది 432లో అని పాత ఐరిష్ వార్షికాలు చెబుతాయి. పాట్రిక్ ప్రత్యేకత ఏమిటంటే, విశ్వాసులు అసలు లేని చోట్లకు, ఎవరూ వెళ్ళని చివరి ఊళ్ళకు వెళ్ళాడు.

అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు తగాదా

ఆయన ఏ ధైర్యంతో వెళ్ళాడో తెలియాలంటే కాసేపు వెనక్కి, యెరూషలేము దాకా వెళ్ళాలి. తెలుగు బైబిల్లో అన్యజనులు అనే మాట ఉంది. యూదులు కాని వాళ్ళంతా అన్యజనులే. యేసు, ఆయన మొదటి శిష్యులు అందరూ యూదులు. దేవుడు అబ్రాహాముతో చేసిన ఒప్పందం, మోషే ధర్మశాస్త్రం, సున్నతి, తినేవీ తినకూడనివీ, ఇవన్నీ వాళ్ళ ఇంటి ఆస్తి. మరి గ్రీకువాడో సిరియావాడో నమ్ముతానని వస్తే? ముందు యూదుడు అయ్యి, సున్నతి చేయించుకుని, ఆ తర్వాత రావాలా? లేక ఉన్నవాడు ఉన్నట్టుగానే రావచ్చా? రక్షణ ఎవరికి అన్న ప్రశ్న అంటే ఇదే.

ఈ తగాదా ముదిరింది భోజనం దగ్గరే. అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో కలిసి ఒకే పంక్తిలో తిన్నాడు. యెరూషలేము నుంచి యాకోబు తరఫు మనుషులు రాగానే వాళ్ళేమంటారోనని లేచి పక్కకు వెళ్ళాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ లేచారు. పంక్తిభేదం అంటే ఏమిటో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పౌలు అందరి ముందే పేతురును నిలదీశాడు. పౌలు కూడా యూదుడే, ధర్మశాస్త్రం క్షుణ్ణంగా చదివినవాడే. ఆయన వాదన ఇది: రక్షణ నమ్మకం వల్ల దొరికేది, పుట్టుక వల్ల కాదు. బాప్తిస్మం పొందాక యూదుడు, గ్రీకువాడు, బానిస, స్వతంత్రుడు అన్న తేడా పంక్తి దగ్గర పనికిరాదు. యెరూషలేములో పెద్దలు కూర్చుని ఈ సంగతి మాట్లాడారు. సుమారు 49 నాటి మాట ఇది. అన్యజనుల మీద సున్నతి భారం వేయొద్దని, విగ్రహాలకు పెట్టినవి తినకపోవడం లాంటి కొద్ది నియమాలు చాలని తేల్చారు.

పౌలు చేతి పని డేరాలు కుట్టడం. కొరింథులో ఆయనకు పనీ ఇల్లూ ఇచ్చిన అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమ్ నుంచి వెళ్ళగొడితే వచ్చినవాళ్ళు. వలస వచ్చినవాళ్ళ పనిశాలలోనే ఈ ఆలోచన పదునెక్కిందన్నమాట.

పౌలు ఇంకో హెచ్చరిక కూడా చేశాడు, దీన్ని జనం తర్వాత మరిచిపోయారు. రోమ్ వాళ్ళకు రాసిన పత్రికలో, అన్యజనులు అడవి ఒలీవ కొమ్మలాంటి వాళ్ళు, మంచి ఒలీవ చెట్టుకు అంటు కట్టినవాళ్ళు అన్నాడు. అంటు కొమ్మ వేరును మోయదు, వేరే కొమ్మను మోస్తుంది. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు పాత కొమ్మల మీద, అంటే యూదుల మీద, గర్వపడొద్దు, దేవుడు తన జనాన్ని విడిచిపెట్టలేదు అన్నాడు. తర్వాతి శతాబ్దాల్లో క్రైస్తవ రాజ్యాలు యూదుల్ని పెట్టిన హింస చూస్తే ఈ మాట ఎంత అవసరమో తెలుస్తుంది.

భూమి చివర ఉన్నవాళ్ళు

ఇప్పుడు మళ్ళీ ఐర్లాండ్‌కు వద్దాం. పాట్రిక్ కాలానికి రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవం రాజుగారి మతం అయిపోయింది. రోమన్ అంటే క్రైస్తవుడు, సామ్రాజ్యం అవతల ఉన్నవాడు అనాగరికుడు అనే ఆలోచన బలపడింది. ఐర్లాండ్ ఎప్పుడూ రోమన్ల కింద లేదు. అంటే యూదుడు, అన్యజనుడు అన్న పాత గీత చోట రోమన్, అనాగరికుడు అన్న కొత్త గీత పడింది.

పాట్రిక్ ఆ గీతను ఒప్పుకోలేదు. పౌలు పట్టుకున్న లేఖనాలనే తనూ పట్టుకున్నాడు. నా జనం కాని వాళ్ళను నా జనం అని పిలుస్తానన్న హోషేయ ప్రవక్త మాటను రోమ్ వాళ్ళ కోసం పౌలు వాడాడు, ఐరిష్ వాళ్ళ కోసం పాట్రిక్ వాడాడు. తూర్పు నుంచీ పడమర నుంచీ జనం వచ్చి అబ్రాహాముతో పంక్తిలో కూర్చుంటారన్న సువార్త మాట ఉంది. ఆ పడమర ఇదే, దీని తర్వాత మనుషులు లేరు, కాబట్టి ఆ మాట నెరవేరేది ఇక్కడే అని ఆయన నమ్మకం.

పని మాత్రం సులువు కాలేదు. ఇక్కడ చిన్న చిన్న రాజులు చాలామంది. బయటి మనిషికి ఇక్కడ చుట్టం లేడు, వెనక నిలబడే వంశం లేదు. దారి ఇవ్వడానికి రాజులకు కానుకలు, వెంట నడిచే రాజకుమారులకు కూలి, న్యాయాధికారులకు పదిహేను మంది మనుషుల వెల అంత సొమ్ము ఇచ్చానని ఆయన లెక్క చెప్పాడు. ఒకసారి పట్టుకుని సామాను దోచుకుని సంకెళ్ళు వేశారు, పద్నాలుగో రోజున వదిలారు. రోజూ చంపుతారనో మళ్ళీ బానిసను చేస్తారనో ఎదురుచూస్తూనే తిరిగాడు.

తను మాత్రం ఎవరి దగ్గరా తీసుకోలేదు. స్త్రీలు తమ నగలు తెచ్చి బలిపీఠం మీద వేస్తే తిరిగి ఇచ్చేశాడు, వాళ్ళు నొచ్చుకున్నా సరే. వేలమందికి బాప్తిస్మం ఇచ్చి ఒక్కరి దగ్గరా చిల్లిగవ్వ తీసుకోలేదని, తీసుకున్నట్టు ఎవరైనా చెబితే తిరిగి ఇస్తానని రాశాడు. ఆయన దగ్గరకు వచ్చినవాళ్ళలో గొప్పింటి అమ్మాయిలూ ఉన్నారు, బానిస స్త్రీలూ ఉన్నారు. అందరికంటే ఎక్కువ బాధ పడేది బానిస స్త్రీలే, బెదిరింపులు ఓర్చుకుంటూ నిలబడుతున్నారని ఆయన ప్రత్యేకంగా రాశాడు. ఆరేళ్ళు అదే బతుకు బతికినవాడికి అది కనపడింది.

తెల్లబట్టలు ఇంకా విప్పలేదు

ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పరీక్ష శత్రువుల నుంచి రాలేదు. సాటి క్రైస్తవుల నుంచే వచ్చింది. కొరోటికస్ సైనికులు ఐర్లాండ్ మీద పడ్డారు. ముందు రోజే బాప్తిస్మం పొంది, ఇంకా తెల్లబట్టల్లో, నుదుటి మీద నూనె వాసన ఆరకుండా ఉన్నవాళ్ళ మీద పడి కొందరిని నరికారు, కొందరిని పట్టుకుపోయి పిక్టులకు అమ్మేశారు. పాట్రిక్ చిన్నప్పటి నుంచి తను చదువు చెప్పిన ఒక గురువు చేతికి ఉత్తరం ఇచ్చి, పట్టుకుపోయిన వాళ్ళను వదలమని పంపాడు. వాళ్ళు నవ్వారు.

ఎందుకు నవ్వారు? పట్టుబడినవాళ్ళు ఐరిష్ వాళ్ళు కాబట్టి. బాప్తిస్మం ఒకటే, దేవుడు ఒకడే, అయినా వాళ్ళ లెక్కలో వీళ్ళు మనుషులు కారు. మా రంగంలో చెప్పాలంటే, సేఫ్ పాస్ కార్డు ఉన్నవాడికి ఏ సైటు గేటు దగ్గరైనా లెక్క ఒకటే ఉండాలి. కార్డు చూసి కూడా, నువ్వు ఎక్కడి వాడివి, అవతలికి పో అన్నట్టు ఉంది వాళ్ళ పని.

అప్పుడు పాట్రిక్ రెండో ఉత్తరం రాశాడు. ఇది అందరి ముందూ, కొరోటికస్ ముందు కూడా చదవాలని రాసిన బహిరంగ ఉత్తరం. ఫ్రాంకుల చేతిలో చిక్కిన క్రైస్తవులను గాల్ దేశపు క్రైస్తవులు వేల బంగారు నాణేలు పోసి విడిపిస్తుంటే, మీరు క్రైస్తవుల్ని అమ్ముతున్నారా అని నిలదీశాడు. మేము ఐరిష్ వాళ్ళం కావడమే వీళ్ళకు చిన్నతనంగా ఉందని వాపోయాడు. గమనించండి, వాళ్ళు ఐరిష్ వాళ్ళు అనలేదు, మేము అన్నాడు. ఆయన బ్రిటన్‌లో పుట్టినవాడు. ఐరిష్ దొంగలే ఆయన్ని ఎత్తుకొచ్చి అమ్మారు. ఇప్పుడు ఐరిష్ వాళ్ళను ఎత్తుకెళ్ళింది ఆయన సొంత గడ్డవాళ్ళు. ఏ పక్క నిలబడాలో ఆ ఒక్క మాటలో తేల్చుకున్నాడు. నాకు ఉన్న పెద్దింటి హోదాను ఇతరుల కోసం అమ్ముకున్నాను, సిగ్గులేదు అని కూడా రాశాడు.

ఇంకో సంగతి. వాళ్ళు పశ్చాత్తాపపడి, చెరపట్టిన స్త్రీ పురుషులను వదిలేదాకా ఏ క్రైస్తవుడూ వాళ్ళతో కలిసి తినొద్దు, తాగొద్దు, వాళ్ళ దానం ముట్టొద్దు అన్నాడు. పుట్టుక చూసి ఎవరినీ పంక్తిలోంచి లేపనివాడు, తోటివాణ్ణి పంక్తిలోంచి లాగి అమ్మినవాణ్ణి మాత్రం లేపేశాడు. పౌలు పేతురును నిలదీసింది ఎందుకో, పాట్రిక్ కొరోటికస్‌ను నిలదీసిందీ అందుకే.

ఆ చెరలోని వాళ్ళు తిరిగొచ్చిన దాఖలా లేదు. పాట్రిక్ బానిసత్వం మొత్తాన్ని రద్దు చేయమనీ అడగలేదు, ఆ కాలం ఆలోచన అంతవరకు రాలేదు. కానీ బానిసగా బతికి బయటపడి, అమ్మకానికి గురైన వాళ్ళ తరఫున ఉత్తరం రాసిన గొంతు ఆ కాలం నుంచి మిగలడమే అరుదు. బ్రిటన్ వెళ్ళి అయినవాళ్ళను చూడాలని ఆశ ఉండేదట, చేసిన పని పాడవుతుందని వెళ్ళలేదు. ఇక్కడే చనిపోయాడు. డౌన్‌పాట్రిక్‌లో సమాధి అని చెప్పే చోట ఇప్పుడూ రాతి పలక ఉంది.

మన గుండ్లకమ్మ ఒడ్డున

ఇదే ప్రశ్న మన గడ్డ మీద కూడా వచ్చింది. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు చేరాడు. మొదట పెద్దకులాల వాళ్ళు ఆయన బడి పట్ల ఆసక్తి చూపారు. యెర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలుపెట్టగానే, వాళ్ళు వస్తే మేము రాము అన్నారు. క్లౌ మాదిగల పక్కనే నిలబడ్డాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సడలాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంతియొకయ పంక్తి తగాదా ఒంగోలులో మళ్ళీ జరిగినట్టే. ఆ తర్వాత మన చర్చిల్లో కులం పోయిందా అంటే, పోలేదు. గుడిలో, మసీదులో, చర్చిలో ఎక్కడ చూసినా ఎంతో కొంత మిగిలే ఉంది.

ఇక్కడికి కూడా అది విమానం ఎక్కి వచ్చింది. రూము చూపించే ముందు ఇంటిపేరు అడిగి కులం లెక్కగట్టేవాళ్ళు మనలో ఉన్నారు. స్టాంప్ 4 వచ్చినవాళ్ళు, పాస్‌పోర్టు వచ్చినవాళ్ళు నిన్న దిగిన పర్మిట్ కుర్రాణ్ణి వాకిట్లో మనిషిలా చూడడమూ ఉంది. తన పర్మిట్ భయంతో జీతం సరిగా అందకపోయినా నోరు విప్పనివాడికి, మనం ఉన్నాం అని చెప్పేవాడు కావాలి. ఐరిష్ వాళ్ళు మనల్ని సమానంగా చూడాలని అడిగే హక్కు మనకు ఉంది, అడుగుతూనే ఉందాం. కానీ అంటు కొమ్మల్లో కూడా ముందు కట్టినవి వెనక కట్టినవాటి మీద గర్వపడితే, ఆ అడగడానికి బలం ఉండదు.

పాట్రిక్ రాసిన వాంగ్మూలం చిన్నదే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. రాయల్ ఐరిష్ అకాడమీ వాళ్ళు దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలుంటే వాళ్ళతో చదివించుకుని వినండి. వచ్చే మార్చి 17న పెరేడ్‌కు వెళ్ళినప్పుడు, పాములు తరిమినవాడి పండగ కాదురా, గొర్రెలు కాయడానికి అమ్ముడుపోయి వచ్చి, మేము అని చెప్పుకున్నవాడి పండగ అని పిల్లలకు చెప్పండి. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో వంట చేసుకుంటే, మీ వీధిలో ఒంటరిగా ఉన్న కొత్త కుర్రాడికో, కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చిన చెల్లెలికో ఒక ఆకు వేయండి. ఇంటిపేరు అడగకుండా వేయండి.